దొంగచెవిని పట్టించే వెలుగు



బీరువాలోంచి ఎవరైనా నగ తీసుకుపోతే ఇవాళ కాకపోయినా పండగ నాడైనా మనకు తెలుస్తుంది. పెట్టిన చోట అది ఉండదు కాబట్టి. కాని మనం చెప్పుకున్న మాటను ఎవరో చాటుగా విని వెళ్లిపోతే ఏదీ పోయినట్టు కనబడదు. మాట మన దగ్గరా ఉంటుంది, వాడి దగ్గరా ఉంటుంది. సమాచార దొంగతనంలో ఉన్న చిక్కంతా ఇదే. పోయిందని తెలియకుండానే పోతుంది.

ఈ రోజున మనం పంపే విరాళం, బ్యాంకు ఖాతా నంబరు, ఆసుపత్రి రిపోర్టు, ఉపకారవేతనం కోసం ఒక అమ్మాయి పెట్టుకున్న దరఖాస్తు, సాయం అందుకున్న ఒక వితంతువు పేరు, ఇవన్నీ ఎక్కడో ఒకచోట భూమిలో పూడ్చిన ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లలో వెలుగు మెరుపులుగా ప్రయాణిస్తున్నాయి. గుప్తదానానికి మన ధర్మంలో ఎంత విలువ ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇచ్చినవారి పేరుకన్నా పుచ్చుకున్నవారి పేరు మరింత జాగ్రత్తగా దాచవలసిన అమానతు. పరుల లోగుట్టు ఆరా తీయవద్దని ఖుర్ఆన్‌లో అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు వారిస్తుంది. అనుమతి అడగకుండా, సలాం చెప్పకుండా ఇతరుల ఇళ్లలోకి వెళ్లవద్దని అన్ నూర్ సూరా 27వ ఆయతు నేర్పుతుంది. దైవభీతి ఉన్నవాడికి ఆ హెచ్చరిక చాలు. లేనివాడి సంగతేమిటి? వాడు విన్నాడని మనకు తెలిసేదెలా?

ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రం గత నలభై ఏళ్లుగా ఒక చక్కని జవాబును తయారుచేస్తూ వచ్చింది. ఆ జవాబు ఏమిటో, అది ఎంతవరకు పనికివస్తుందో ఈ పాఠంలో చూద్దాం. పదో తరగతి లెక్కలు వస్తే చాలు.

కేబుల్‌లో పొంచి వినడం ఎలా?

ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుక మందం గల గాజు పోగు. అందులో ఒక చివర వెలుగు మెరిపిస్తే రెండో చివర కనబడుతుంది. మెరుపు ఉంటే 1, లేకపోతే 0. మనం పంపే ఫొటో అయినా, పైకమైనా, ఉత్తరమైనా ఇలాంటి ఒకట్లు, సున్నాల వరుసే.

మామూలు మెరుపు ఒక్కొక్కదానిలో వేలు, లక్షల కాంతి కణాలు ఉంటాయి. ఈ కణాన్ని ఫోటాన్ అంటాం. గాజు పోగును ఒకచోట కొద్దిగా వంచితే ఆ వంపు దగ్గర కాసింత వెలుగు బయటికి కారుతుంది. దాన్ని పట్టుకుంటే మెరుపుల వరుస తెలిసిపోతుంది. మిగిలిన వెలుగు తన దారిన తాను పోతుంది. నిండు కుండలోంచి నాలుగు చుక్కలు తీసినట్టే, అవతల అందుకునేవారికి తేడా తెలియదు.

కాబట్టి ఎవరో వింటూనే ఉంటారని అనుకొని, విన్నా అర్థం కాకుండా మాటను మార్చి పంపడం లోకంలో పాత పద్ధతి. దీన్నే సంకేతలిపి అంటాం.

తాళం గట్టిదే, తాళంచెవి పంపడమే కష్టం

సంకేతలిపిని విప్పే శాస్త్రానికి తొలి గ్రంథాల్లో ఒకటి 9వ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్ కిందీ రాసినది. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా వస్తాయి. ఒక అక్షరం బదులు మరొకటి పెట్టి రాసిన రహస్య లేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే అసలు అక్షరం దొరుకుతుందని ఆయన చూపించాడు. దీని సారాంశం ఒక్కటే. దాచిన మాటలో ఏదైనా ఒక క్రమం మిగిలి ఉంటే లెక్క తెలిసినవాడు దాన్ని పట్టుకుంటాడు.

అయితే ఏ క్రమమూ మిగలకుండా దాచవచ్చా? దాచవచ్చు. మన సందేశం 1 0 1 1 అనుకోండి. తాళంచెవిగా 0 1 1 0 అనే అంకెల వరుసను తీసుకుందాం. పైనా కిందా ఒకే అంకె ఉంటే 0, వేరుగా ఉంటే 1 రాయాలి. అప్పుడు వచ్చేది 1 1 0 1. దీన్ని పంపుతాం. అందుకున్నవారు అదే తాళంచెవితో అదే లెక్క మళ్లీ చేస్తే 1 0 1 1 తిరిగి వస్తుంది. తాళంచెవి బొమ్మా బొరుసూ వేసినట్టు ఏ క్రమమూ లేనిదై ఉండాలి, సందేశమంత పొడవు ఉండాలి, ఒక్కసారే వాడి పారేయాలి. ఈ మూడు షరతులూ పాటిస్తే ఎంతటి లెక్కలవాడైనా దాన్ని విప్పలేడని క్లాడ్ షానన్ 1949లో నిరూపించాడు.

చిక్కు ఎక్కడ వచ్చింది? ఆ తాళంచెవిని ఇద్దరికీ చేర్చేదెలా? కేబుల్ మీద పంపితే వాడు దాన్ని కూడా వింటాడు. మనిషి చేత పంపితే ఆ మనిషిని నమ్మాలి.

నేటి బ్యాంకులు, ఫోన్లు ఈ చిక్కును పెద్ద సంఖ్యల లెక్కతో దాటుతున్నాయి. రెండు పెద్ద సంఖ్యలను గుణించడం సులభం. వచ్చిన లబ్ధం చూపి ఆ రెండూ ఏవో కనిపెట్టమంటే చాలా కష్టం. అయితే తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ ఉంటే ఆ పనిని త్వరగా చేయగలదని పీటర్ షోర్ 1994లో చూపించాడు. అంత పెద్ద యంత్రం ఇంకా తయారు కాలేదు. కాని దొంగచెవికి తొందరేమీ లేదు. ఇవాళ విన్నదాన్ని విన్నట్టే దాచుకొని, యంత్రం వచ్చాక విప్పుకోవచ్చు. రేపటికి పనికిరాని ఓటీపీ విషయంలో దీనివల్ల నష్టం లేదు. ఇరవై ఏళ్ల తరువాత కూడా రహస్యంగా ఉండవలసిన వైద్య రికార్డుకు, అనాథ బిడ్డ వివరాలకు మాత్రం ఇది నిజమైన ముప్పు.

ఒంటరి ఫోటాన్

ఇక్కడే వెలుగు స్వభావం మనకు ఆసరాగా వస్తుంది. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైథమ్ తన కితాబ్ అల్ మనాజిర్‌లో, వస్తువు నుంచి వచ్చే వెలుగు కంటిలో పడటం వల్లే మనం చూస్తున్నామని వాదించాడు. చూడాలంటే వెలుగు మన దాకా రావాలి. ఈ మాటను దొంగచెవికి అన్వయించి చూడండి. వాడు వినాలంటే కేబుల్‌లోని వెలుగులో కొంత వాడి దాకా రావాలి. మెరుపులో లక్ష ఫోటాన్లుంటే పది తీసుకోవచ్చు. ఒకే ఒక్క ఫోటాన్ పంపితే? సగం ఫోటాన్ అంటూ ఉండదు. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, లేదా వదిలేయాలి.

తీసుకొని, చూసి, అలాంటిదే ఇంకొకటి తయారుచేసి పంపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అది కుదరకుండా చేసేది ఫోటాన్‌కు ఉన్న ధ్రువణం అనే గుణం. వెలుగు ఒక దిశలో ఊగుతూ ప్రయాణిస్తుంది. ఆ ఊగే దిశే ధ్రువణం. పోలరాయిడ్ చలువ కళ్లజోడును క్యాలిక్యులేటర్ తెర ముందు పెట్టి మెల్లగా తిప్పండి. ఒక కోణంలో అంకెలు స్పష్టంగా కనబడి, మరో కోణంలో తెర నల్లబడుతుంది. ధ్రువణం మన కంటికి కనబడే విధం ఇది.

ఒక ఫోటాన్‌ను నిలువుగా లేదా అడ్డంగా ఊగేట్టు పంపవచ్చు. దీన్ని 'నిలువు జత' అందాం. కుడికి వాలినట్టు లేదా ఎడమకు వాలినట్టు కూడా పంపవచ్చు. దీన్ని 'వాలు జత' అందాం. ప్రతి జతలోనూ ఒక దిశకు 1, రెండో దిశకు 0 అని పేరు పెట్టుకుందాం.

ఇప్పుడు అసలు నియమం. నిలువు జతలో పంపినదాన్ని నిలువు జతతో కొలిస్తే సరైన జవాబు వస్తుంది. వాలు జతతో కొలిస్తే బొమ్మా బొరుసే. సగం సార్లు 0, సగం సార్లు 1. అంతటితో అయిపోదు. తప్పు జతతో కొలిచాక ఆ ఫోటాన్ తన పాత దిశను పోగొట్టుకుంటుంది. ఎన్ని పరికరాలు తెచ్చినా ఆ దిశ మళ్లీ దొరకదు. కొలవకుండా నకలు తీసి పెట్టుకుందామన్నా వీలుపడదు. తెలియని స్థితిలో ఉన్న ఫోటాన్‌కు అచ్చమైన నకలు తీయడం అసాధ్యమని వూటర్స్, జురెక్ కలిసి, డీక్స్ విడిగా 1982లో నిరూపించారు.

ఆయేషా, బషీర్‌ల తాళంచెవి

ఈ నియమం మీద ఒక పద్ధతిని కట్టినవారు చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రాసార్. వారు దాన్ని 1984లో ప్రకటించింది మన బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులోనే. వారి పేర్లలోని మొదటి అక్షరాలు, ఆ సంవత్సరం కలిపి దాన్ని బీబీ84 అంటారు.

పంపేది ఆయేషా, అందుకునేది బషీర్ అనుకుందాం. ఆయేషా ప్రతి ఫోటాన్‌కూ ఒక అంకెను, ఒక జతను బొమ్మా బొరుసూ వేసి ఎంచుకుంటుంది. ఏ జత రాబోతోందో బషీర్‌కు తెలియదు. అతనూ తన వైపు బొమ్మా బొరుసూ వేసి ఏదో ఒక జతతో కొలుస్తాడు. ఎనిమిది ఫోటాన్లతో చూద్దాం.

ఆయేషా అంకెలు: 1, 0, 0, 1, 1, 0, 1, 0
ఆయేషా జతలు: నిలువు, వాలు, నిలువు, వాలు, వాలు, నిలువు, నిలువు, వాలు
బషీర్ జతలు: నిలువు, నిలువు, నిలువు, వాలు, నిలువు, నిలువు, వాలు, వాలు

అన్నీ అందాక ఇద్దరూ మామూలు ఫోన్‌లో, నలుగురూ వింటున్నా సరే, తాము వాడిన జతలు మాత్రం చెప్పుకుంటారు. అంకెలు చెప్పుకోరు. జతలు కలిసినవి 1, 3, 4, 6, 8 స్థానాలు. మిగిలిన మూడింటినీ కొట్టేస్తారు. ఉన్నవి 1, 0, 1, 0, 0. మధ్యలో ఎవరూ లేకపోతే ఇద్దరి దగ్గరా ఇదే వరుస ఉండాలి. అదే తాళంచెవి.

దొంగచెవి లెక్క

ఇప్పుడు మధ్యలో ఒకడు కూర్చున్నాడు. ప్రతి ఫోటాన్‌నూ పట్టుకొని, కొలిచి, తనకు వచ్చిన జవాబు ప్రకారం ఇంకొకటి తయారుచేసి బషీర్‌కు పంపుతున్నాడు. ఏ జతతో కొలవాలో వాడికీ తెలియదు. ఆయేషా జతలు బయటపెట్టేది అన్నీ చేరాకే. కాబట్టి వాడు ఊహించాలి.

ఆయేషా, బషీర్‌ల జతలు కలిసిన ఫోటాన్లు 100 తీసుకుందాం. దొంగచెవి వాటిలో సగటున 50 సరైన జతతో కొలుస్తాడు. అక్కడ తప్పేమీ రాదు. మిగిలిన 50 తప్పు జతతో కొలుస్తాడు. వాటి పాత దిశ చెడిపోయింది. బషీర్ వాటిని సరైన జతతోనే కొలిచినా సగం, అంటే 25, తప్పు జవాబులు ఇస్తాయి. నూటికి 25 తప్పులు, దొంగచెవి వదిలిన అడుగుల జాడలు.

ఆ జాడను చూడటానికి ఆయేషా, బషీర్ తమ వరుసలోంచి కొన్ని అంకెలను ఎంచుకొని బహిరంగంగా సరిచూసుకుంటారు. ఒక్క అంకె సరిచూస్తే వాడు తప్పించుకునే అవకాశం నాలుగింట మూడు వంతులు. 10 అంకెలు సరిచూస్తే నూటికి 6 కన్నా తక్కువ. 20 చూస్తే వెయ్యికి సుమారు 3. 50 చూస్తే పది లక్షల్లో ఒకటి కూడా లేదు. సరిచూసిన అంకెలు అందరికీ తెలిసిపోయాయి కాబట్టి వాటిని పారేస్తారు. మిగిలినవాటినే తాళంచెవిగా వాడతారు.

ఇక్కడ ఒక మాట మరచిపోకూడదు. ఇంతదాకా పంపినది ఏ క్రమమూ లేని అంకెలే. వితంతువు పేరు, ఖాతా నంబరు ఇంకా బయలుదేరనే లేదు. దొంగచెవి ఉన్నాడని తేలితే ఆ అంకెలన్నీ పారేస్తే సరి, ఏ రహస్యమూ పోలేదు. పెట్టె ఖాళీగా పంపి, దారి క్షేమమని తేల్చుకున్నాకే సొమ్ము పెట్టడం లాంటిది ఇది. ఈ పద్ధతి దొంగను ఆపదు. దొంగ ఉన్నాడన్న సంగతిని సమయానికి చెబుతుంది.

నిజమైన కేబుల్‌లో ఎవరూ లేకపోయినా కొన్ని తప్పులు వస్తాయి. గాజులోని లోపాలు, పరికరాల్లోని సొద అందుకు కారణం. ఏ తప్పు గాజుది, ఏ తప్పు దొంగది అని విడదీసే మార్గం లేదు కాబట్టి, ప్రతి తప్పునూ దొంగ లెక్కలోనే రాస్తారు. తప్పులు నూటికి సుమారు 11 దాటితే ఈ పద్ధతిలో ఆ వరుసను మొత్తం వదిలేస్తారు. అంతకు తక్కువైతే ముందు తప్పులను సరిదిద్దుతారు. తరువాత దొంగచెవికి తెలిసి ఉండగల భాగమెంతో లెక్కకట్టి, వాడికి చెప్పుకోదగ్గదేమీ మిగలకుండా వరుసను కుదించి పొట్టిది చేస్తారు. పదింటిలో ఒక్క ఫోటాన్‌నే పట్టుకుంటే తప్పులు నూటికి రెండున్నరకు తగ్గుతాయి నిజమే, వాడికి తెలిసేదీ అంత తక్కువే. ఆ కాస్తా ఈ కుదింపులో పోతుంది.

ఇంట్లో ఆడి చూడండి

ఇది నమ్మి ఊరుకోవలసిన లెక్క కాదు. పిల్లలతో చేసి చూడదగ్గది. 40 చిన్న చీటీలు, మూడు నాణేలు, ముగ్గురు మనుషులు చాలు.

మొదటివారు ప్రతి చీటీ మీద నాణెం వేసి ఒక అంకె (0 లేదా 1), ఒక జత (ని లేదా వా) రాసి, తన పుస్తకంలో కూడా ఎక్కించుకోవాలి. మూడోవారు నాణెం వేసి తన జతను ముందే రాసుకొని, అప్పుడే చీటీ తెరవాలి. జత కలిస్తే చీటీలోని అంకె రాసుకోవాలి. కలవకపోతే నాణెం వేసి వచ్చిన అంకె రాసుకోవాలి. చివర జతలు పోల్చుకుంటే సుమారు 20 కలుస్తాయి. ఆ ఇరవైలోనూ ఇద్దరి అంకెలూ ఒకటే.

రెండోసారి మధ్యలో రెండోవారు కూర్చోవాలి. వారూ అదే నియమంతో చీటీ చదివి, తమ జత, తమకు వచ్చిన అంకెతో కొత్త చీటీ రాసి ముందుకు పంపాలి. ఈసారి కలిసిన సుమారు 20లో నాలుగైదు తప్పులు బయటపడతాయి. మధ్యవారు ఎంత తెలివైనవారైనా నియమం తప్పకుండా ఆడితే ఆ తప్పులను దాచలేరు. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా దీన్ని అరగంటలో గ్రహిస్తారు.

ప్రయోగశాల నుంచి ఊళ్లలోకి

ఈ పద్ధతిని మొదటిసారి పరికరాలతో చేసి చూసింది 1989లో, అమెరికాలో ఐబీఎం ప్రయోగశాలలో. ఫోటాన్లు ప్రయాణించిన దూరం సుమారు 30 సెంటీమీటర్లు, అంటే బడి పిల్లల స్కేలు పొడవు.

మన దాతలకు ఆసక్తి కలిగించే ఘట్టం 2004 ఏప్రిల్‌లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జరిగింది. నగర పాలక భవనానికి, ఒక బ్యాంకుకు మధ్య 1.45 కిలోమీటర్ల ఫైబర్ వేసి, జంటగా పుట్టిన ఫోటాన్లతో తాళంచెవి తయారుచేసి, దానితో ఒక పైకపు బదిలీని భద్రంగా పంపారు. ఇలా జరిగిన తొలి బ్యాంకు బదిలీ అది. ఆ పైకం నగర మేయర్ చేతుల మీదుగా వెళ్లిన ఒక విరాళం! ఆ బృందానికి నాయకుడైన ఆంటన్ సైలింగర్‌కు 2022లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. 2007లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఓట్ల లెక్కల వివరాలు పంపడానికి ఈ పద్ధతిని వాడారు.

మన దేశంలో 2021 మార్చిలో ఇస్రో అహ్మదాబాదు కేంద్రంలో రెండు భవనాల మధ్య గాలిలోనే 300 మీటర్ల దూరం ఫోటాన్లు పంపి తాళంచెవి తయారుచేశారు. 2022 ఫిబ్రవరిలో డీఆర్డీవో, ఐఐటీ ఢిల్లీ శాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్‌లోని ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా, మామూలుగా వాడుకలో ఉన్న ఫైబర్ మీదనే దీన్ని చేసి చూపారు.

దూరం ఎందుకు ఇంత పెద్ద సమస్య? మంచి ఫైబర్‌లో కూడా 50 కిలోమీటర్లకు పదింట ఒక ఫోటాన్, 100 కిలోమీటర్లకు నూటికి ఒకటి, 200 కిలోమీటర్లకు పదివేలకు ఒకటి మాత్రమే చేరుతుంది. మామూలు కేబుల్‌లో దారి మధ్యలో వెలుగును పెంచే యంత్రాలు పెడతారు. ఇక్కడ అవి పనికిరావు. వెలుగును పెంచడమంటే నకళ్లు తీయడమే. దొంగకు అడ్డుపడే నియమమే మనకూ అడ్డుపడుతుంది. అందుకే చైనా 2016లో మిసియస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. మరుసటి ఏడాది దాని సాయంతో బీజింగ్, వియన్నాల మధ్య వీడియో సంభాషణ జరిపింది.

ఎక్కడ కాపాడదు?

మంచి వస్తువు గురించి చెప్పేటప్పుడు దాని లోపం కూడా చెప్పి అమ్మడం మనకు నేర్పిన వ్యాపార నీతి. కాబట్టి ఈ పద్ధతి హద్దులు కూడా తెలుసుకోవాలి.

మొదటిది, అవతల ఉన్నది బషీరేనని ఆయేషాకు తెలియాలి. దొంగచెవి తానే బషీర్‌నని నటిస్తే? ఇద్దరికీ ముందే ఒక చిన్న రహస్యం తెలిసి ఉంటేనే మనిషిని గుర్తించగలరు. తలుపు తట్టినవారు 'నేను' అంటే చాలదు, పేరు చెప్పాలన్న మర్యాద ఇక్కడా వర్తిస్తుంది.

రెండోది, నియమం గట్టిదైనా యంత్రం మనిషి చేసినదే. 1989 నాటి తొలి పరికరంలో ఫోటాన్ దిశను మార్చే భాగానికి కరెంటు ఇచ్చే యంత్రం ఒక్కో దిశకు ఒక్కో రకంగా చప్పుడు చేసేదని బ్రాసార్ తరువాత చెప్పుకొని నవ్వుకున్నాడు. ఫోటాన్‌ను ముట్టుకోనక్కరలేదు, చెవి ఒగ్గితే చాలు! 2010లో వదిమ్ మకరోవ్ తదితరులు, బజారులో అమ్మే ఇలాంటి పరికరాల్లోని ఫోటాన్ గ్రాహకాలను ప్రకాశవంతమైన వెలుగుతో కళ్లు బైర్లు కమ్మించి, తప్పులు బయటపడకుండానే తాళంచెవి తెలుసుకోవచ్చని చూపారు. ఆ తరువాత గ్రాహకాలను నమ్మనక్కరలేని కొత్త పద్ధతి 2012లో వచ్చింది. దొంగ ఒక అడుగు, దొర ఒక అడుగు, ఇలాగే నడుస్తోంది.

మూడోది, దూరపు ఊళ్లకు మధ్యలో మజిలీలు పెడితే, ప్రతి మజిలీలోనూ తాళంచెవి ఒకసారి బయటపడుతుంది. బీజింగ్, షాంఘై మధ్య 2,000 కిలోమీటర్ల మార్గంలో ఇలాంటి మజిలీలు 32 ఉన్నాయి. ఆ గదులను, అందులోని మనుషులను నమ్మాలి.

ఈ కారణాల వల్లే బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం వంటి సంస్థలు, ముందుగా క్వాంటం కంప్యూటర్‌కు లొంగని కొత్త గణిత తాళాలకు మారమని చెబుతున్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో అలాంటివి మూడు ప్రకటించింది.

నాలుగోది మనందరికీ సంబంధించినది. ఈ కాపలా అంతా దారికే, రెండు చివరలకు కాదు. బ్యాంకు మేనేజరునంటూ ఫోన్ చేసినవాడికి మనమే ఓటీపీ చెబితే, సాయం పొందినవారి జాబితాను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే, ఏ ఫోటానూ అడ్డుపడదు. అక్కడ కాపలా మన నాలుక, మన వేళ్లు.

దాతలకు ఒక విన్నపం

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2,000 కిలోమీటర్ల దూరంలోని ఊళ్ల మధ్య భద్రమైన క్వాంటం సంబంధాలు ఏర్పరచడం దాని లక్ష్యాల్లో ఒకటి. అమరావతిలో క్వాంటం వ్యాలీ పేరుతో ఒక కేంద్రాన్ని నెలకొల్పి అందులో ఐబీఎం క్వాంటం కంప్యూటర్‌ను ఏర్పాటు చేస్తామని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. పని మన ఊళ్ల దగ్గరికే వస్తోంది. ఆ పనికి భౌతికశాస్త్రం, గణితం, ఎలక్ట్రానిక్స్ బాగా వచ్చిన పిల్లలు కావాలి.

మన పిల్లలకు తెలివి తక్కువై కాదు. పదో తరగతి తరువాత త్వరగా సంపాదన వచ్చే పని చూసుకోమనే ఇంటి అవసరం ఒకటి, ప్రయోగశాల తలుపు తెరుచుకోని బడి ఒకటి, వారిని సైన్సు నుంచి పక్కకు నెడుతున్నాయి. ఆడపిల్లల విషయంలో దూరపు కాలేజీ, బస్సు ఖర్చు కూడా తోడవుతాయి. మీరిచ్చే ఉపకారవేతనంలో కొంత భాగం ఇంటర్ తరువాత బీఎస్సీ భౌతికశాస్త్రం, గణితం చదవదలచినవారికి, డిగ్రీతో ఆపకుండా ఎమ్మెస్సీ దాకా వెళ్లేవారికి ప్రత్యేకించండి. ఒక బడికి రెండు పోలరాయిడ్ రేకులు, ఒక కటకాల పెట్టె కొనివ్వండి. నలభై చీటీల ఆటకైతే ఖర్చే లేదు.

అల్ కిందీ, ఇబ్న్ అల్ హైథమ్ పేర్లు చెప్పుకొని గర్వపడటం సులభం. వారు గొప్పవారైంది లెక్కపెట్టి చూసి, వెలుగును పరీక్షించి చూసి. అలా లెక్కపెట్టే, పరీక్షించే బిడ్డ మన బస్తీలోనే ఏదో ఒక బెంచీ మీద కూర్చొని ఉంది. మీ దానం ఆ బెంచీ దాకా చేరాలి. మీ అమానతులను, మా అమానతులను అల్లాహ్ కాపాడుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.